విద్వత్సదస్సులలో శిక్షణగోష్ఠి: ప్రణాళిక, సంస్కరణము

‘ట్యుటోరియల్’ అను మాట తెలుగునాట కొత్తది కాదు. పరీక్ష తప్పిన విద్యార్థులను మరల పరీక్షకు సిద్ధపరచు ప్రైవేటు విద్యాలయములకు ట్యుటోరియల్ కాలేజీలను పేరు మన పట్టణములలో చిరకాలముగా వాడుకలో నున్నది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నీమాటకు వేరొక అర్థము కలదు. అచట గురువు ఒకరిద్దరు శిష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొని, వారు వ్రాసి తెచ్చిన వ్యాసమును వాక్యవాక్యముగా చర్చించుటకు ఆ పేరు. ఈ రెండింటికంటె భిన్నమైన మూడవ అర్థ మొకటి విద్వత్సదస్సుల మూలమున ఏర్పడినది. సదస్సునకు ముందురోజుననో, చివరిరోజుననో, ఒక విషయమున ఆరితేరినవారు, ఆ విషయమును అంతగా నెరుగని తోడి విద్వాంసులకును పరిశోధక విద్యార్థులకును కొన్ని గంటలలో క్రమముగా బోధించు కార్యక్రమమే ఈ మూడవ ట్యుటోరియల్. దీనినే ఈ వ్యాసమున శిక్షణగోష్ఠి యని వ్యవహరించుచున్నాము.

శిక్షణగోష్ఠి ప్రసంగము కాదు, పత్రసమర్పణము కాదు, చర్చాసభయు కాదు. పత్రమును చదువువాడు తాను కనుగొన్న దానిని చెప్పును. వినువారికి ఆ శాస్త్రపు పరిభాషయు, పూర్వపక్షములును తెలిసియే యుండునని అతని నమ్మకము. పదిహేను ఇరువది నిమిషములలో అంతకు మించి చేయుటకు వీలును లేదు. శిక్షణగోష్ఠిని నడుపువాడు తాను కనుగొన్నదానిని కాక, ఆ శాస్త్రమున అందరును కలిసి కూడబెట్టినదానిని చెప్పవలెను. పత్రమునకు పరీక్ష: ‘ఇందులో కొత్తదనమేమి?’ శిక్షణగోష్ఠికి పరీక్ష: ‘వినినవాడు ఇప్పుడు ఏమి చేయగలడు?’ ఈ రెండు ప్రశ్నల భేదమును మరచుటచేతనే పెక్కు శిక్షణగోష్ఠులు పొడిగింపబడిన పత్రములై ముగియుచున్నవి.

ఆవశ్యకత

మన పరిశోధక విద్యార్థులలో పెక్కుమంది తమ శాఖలో ఏ పద్ధతిని ఎరిగిన ఆచార్యుడుండునో ఆ పద్ధతినే నేర్చుకొందురు. శాసనలిపిని చదువ నేర్చినవారున్న శాఖలో శాసనపరిశోధన సాగును, లేనిచోట ఆగును. మాండలిక పదసేకరణమునకు ప్రశ్నావళిని కూర్చు విధము, తాళపత్రప్రతుల పాఠములను తులనము చేయు విధము, సోదరభాషల పదములను పోల్చి పూర్వరూపమును ఊహించు విధము, కంప్యూటరు సాయమున పదసూచికలను సిద్ధపరచు విధము—ఇవన్నియు గ్రంథములలో వ్రాయబడియే యున్నవి. కాని పద్ధతి యనునది గ్రంథపఠనమువలన మాత్రమే చేతికి రాదు. చేయువారిని చూచి, చేసి, తప్పు దిద్దించుకొని నేర్వవలసినది. ఇంటిలో గురువు లేని విద్యార్థికి సదస్సు సంవత్సరమున కొకసారి లభించు గురుకులము. ఆ అవకాశము మూడుగంటలది. అది వ్యర్థమైనచో ఆ విద్యార్థి మరల ఒక యేడు చీకటిలో తడుముకొనవలసినదే.

మనదేశమున భాషాశాస్త్రము వ్యాపించిన చరిత్రయే ఇందుకు నిదర్శనము. 1954లో పుణెలోని దక్కన్ కళాశాల రాక్‌ఫెలర్ ఫౌండేషను సాయముతో ఒక భాషాప్రణాళిక నారంభించెను. దానిలో భాగముగా వేసవి సెలవులలో భాషాశాస్త్ర శిక్షణశిబిరములు జరిగినవి. వివిధ భాషలకు చెందిన అధ్యాపకులు అచట కొన్ని వారములపాటు కలిసి కూర్చుండి వర్ణనాత్మక భాషాశాస్త్రమును అభ్యసించిరి. ఆ తరమువారి కృషివలననే తరువాతి దశకములలో పలు విశ్వవిద్యాలయములలో భాషాశాస్త్రశాఖలు నిలదొక్కుకొనినవి. వారముల శిక్షణ చేసిన పనిని మూడుగంటల గోష్ఠి చేయజాలదు, నిజమే. కాని ఆ శిబిరములకు ప్రాణమైన సూత్రము—చెప్పుటకంటె చేయించుట ముఖ్యమనునది—ఈ చిన్న కార్యక్రమమునకును వర్తించును.

ఒక ఉదాహరణము: సంగణక భాషాశాస్త్ర సదస్సులు

శిక్షణగోష్ఠులను పద్ధతి ప్రకారము నడుపుచున్న విద్వత్సంఘములలో అసోసియేషన్ ఫర్ కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ అనునది ముఖ్యముగా పేర్కొనదగినది. ఇది 1962లో యంత్రానువాదమును కూడ తన పేరులో చేర్చుకొని స్థాపితమై, 1968లో ఇప్పటి పేరును గ్రహించినది. దాని వార్షికసదస్సునకు సాధారణముగా ముందురోజున శిక్షణగోష్ఠులు జరుగును. ఒక్కొక్కటి అరపూట కార్యక్రమము; నడుమ విరామముతో సుమారు మూడు గంటలు. ఇటీవలి సంవత్సరములలో ఆ సంఘమువారు తమ పలు సదస్సులకు కలిపి ఒకే ఆహ్వానమును ప్రకటించి, వచ్చిన ప్రతిపాదనలను ఉమ్మడిగా పరిశీలించి, ఏది ఏ సదస్సునకు తగునో నిర్ణయించు వాడుకను అవలంబించిరి. ఇందువలన ఒకే విషయము రెండుచోట్ల వచ్చుట తగ్గును. ప్రతిపాదించువారు నాలుగుసార్లు దరఖాస్తు పెట్టవలసిన శ్రమయు తప్పును.

ఆ ఆహ్వానములో అడుగు అంశములు గమనింపదగినవి. గోష్ఠి ప్రవేశస్థాయిదా, లేక ఆ శాస్త్రపు తాజా పరిణామములను తెలుపునదా? వచ్చువారికి ముందుగా ఏమి తెలిసి యుండవలెను? ఏ భాగమునకు ఎంతకాలము? వచ్చువారు ముందుగా చదువదగిన రచనలెవ్వి? ఎంతమంది రాగలరు? అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు: చెప్పబోవు విషయములో బోధకుల సొంత పరిశోధన ఎంత, ఇతరుల పరిశోధన ఎంత? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, శిక్షణగోష్ఠిని ఆత్మప్రశంసనుండి కాపాడు కోట అదియే. అంగీకరింపబడిన గోష్ఠుల సంగ్రహములు సదస్సు సంపుటములలో ప్రకటితమగును. బోధనసామగ్రిని అందరికిని ఉచితముగా అందుబాటులో ఉంచుటకు బోధకుల అనుమతిని కోరుటయు ఆ సంఘమున వాడుక. కావున సదస్సునకు రాలేనివారును, తరువాతి తరమువారును దానిని చూడగలరు.

మనదేశమున ఐకాన్ అను పేర జరుగు సహజభాషాసంసాధన సదస్సులతోపాటును శిక్షణగోష్ఠులు జరుపు ఆచారము కలదు. ఆ సదస్సు 2019 డిసెంబరులో హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో జరిగినది. ఇక ద్రావిడభాషల పరిశోధనకు వత్తుము. తిరువనంతపురము కేంద్రముగా 1971లో ఏర్పడిన ద్రావిడ భాషాశాస్త్ర సంఘము అఖిలభారత ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల సదస్సులను నిర్వహించుచు వచ్చినది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళములను ఎరిగినవారు ఒకచోట కూడు ఇట్టి సదస్సులకంటె తులనాత్మక వ్యాకరణమును నేర్పుటకు అనువైన తావు వేరొకటి లేదు. కావున ఈ వ్యాసమున ప్రణాళికకు దృష్టాంతముగా ఆ విషయమునే గ్రహించుచున్నాము.

ఎంపిక

కార్యక్రమమునకు బాధ్యులైనవారు సదస్సునకు కనీసము ఆరేడు నెలలు ముందుగా పని నారంభింపవలెను. వచ్చిన ప్రతిపాదనలలో మంచివానిని ఏరుకొనుట సగము పని మాత్రమే. రాని ప్రతిపాదనలను రప్పించుట తక్కిన సగము. గత మూడు నాలుగు సదస్సులలో ఏయే విషయములు బోధింపబడినవో పట్టిక వేసి చూచినచో, ఒక విషయము మూడుసార్లు వచ్చుటయు, మరియొకటి ఎన్నడును రాకుండుటయు కానవచ్చును. ఆ లోటునకు తగిన బోధకులను నిర్వాహకులే వెదకి ఆహ్వానింపవలెను.

ప్రతిపాదనలను తూచునప్పుడు మూడు విషయములు చూడదగును. మొదటిది అవసరము: ఈ విద్యను కోరువారు సదస్సునకు వచ్చువారిలో కలరా? రెండవది స్థాయి: ఉన్న గోష్ఠులన్నియు ప్రౌఢులకే అయినచో కొత్తవారు వరండాలో నిలువవలసి వచ్చును; అన్నియు ప్రవేశస్థాయివే అయినచో అధ్యాపకులు ఆనాడు రారు. మూడవది బోధనశక్తి. గొప్ప పండితుడు గొప్ప బోధకుడు కావలెనను నియమము లేదు. అనుభవము గల ఆచార్యునితో బోధనయందు ఉత్సాహము గల యువాధ్యాపకుని జతపరచుట పెక్కుచోట్ల మేలైన మార్గము. ఆచార్యుడు సందేహములను తీర్చును. యువకుడు అభ్యాసములను నడుపును. బోధకులు ముగ్గురికి మించినచో మాత్రము గోష్ఠి ముక్కలగును. ఒకరు చెప్పినదానిని వేరొకరు మరల చెప్పుదురు.

ఒకే సమయమున రెండు గోష్ఠులు జరుపవలసి వచ్చినప్పుడు, ఒకే తరగతి విద్యార్థులు కోరు రెండింటిని ఎదురెదురుగా పెట్టరాదు. శాసనలిపిని కోరువాడే తాళపత్రలిపినిగూడ కోరును. ఆ రెండును ఒక్కవేళ పెట్టి, అదే వేళకు మూడవ గది ఖాళీగా నుంచుట ప్రణాళిక కాదు.

మూడు గంటల విభజనము

ఇక గోష్ఠి లోపలి నిర్మాణమును చూతము. విషయము: ‘ద్రావిడభాషలలో తాలవ్యీకరణము—పూర్వరూపమును ఊహించు పద్ధతి’. వచ్చువారు తెలుగు ఎం.ఏ. చదివినవారు; తమిళ కన్నడములు రానివారు. గోష్ఠి ముగియుసరికి వారు సోదరభాషల పదముల పట్టికను చూచి ధ్వనిసూత్రమును తమంతట తాము కనుగొనగలుగవలెను. లక్ష్యమును ఇట్లు ఒక్క వాక్యమున చెప్పలేనిచో ప్రణాళిక ఇంకను సిద్ధము కాలేదని గ్రహింపవలెను.

మొదటి 15 నిమిషములు లక్ష్యమును తెలుపుటకు. తరువాతి 40 నిమిషములు మూలభావనలకు: జ్ఞాతిపదమనగా నేమి, ఎరవుపదమనగా నేమి, ధ్వనిమార్పు క్రమబద్ధమనుటలో అర్థమేమి? అటుపై 35 నిమిషములు మొదటి అభ్యాసము. బోధకుడు పలకమీద నాలుగు పదములను మాత్రమే వ్రాయును. తెలుగున చెవి, చేయు, చెడు, చిలుక. కన్నడమున వానికి సాటివి కివి, గెయ్, కెడు, గిళి. గెయ్ అనుదానికి కెయ్ అను రూపమును ప్రాచీనకన్నడమున కలదని ఆయన తెలుపును. విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి చూతురు. ఇకార ఎకారములకు ముందున్న కకారము తెలుగున చకారమైనదని పది నిమిషములలో కనుగొందురు. ఇంతవరకు సులభము.

20 నిమిషముల విరామము తరువాత రెండవ అభ్యాసము 45 నిమిషములు. ఇప్పుడు పట్టికకు తమిళమును చేర్చవలెను: చెవి, చెయ్, కెడు, కిళి. మొదటి రెండింట తమిళము తెలుగుతో కలియుచున్నది. చివరి రెండింట కన్నడముతో కలియుచున్నది. ఏల? బోధకుడు ఇచ్చట మౌనము వహింపవలెను. ఈ మౌనమే గోష్ఠికి గుండెకాయ. కొందరు అచ్చులను చూతురు. కొందరు అర్థములను చూతురు. చివర కొకరు తరువాతి హల్లును చూతురు: కెడు, కిళి అను పదములలో తాలవ్యాచ్చు తరువాత మూర్ధన్యాక్షరము కలదు. తమిళమున మూర్ధన్యము పరమైనప్పుడు కకారము నిలిచినది. తెలుగున అట్టి నిషేధము లేదు. ఈ సూత్రమును బోధకుడే మొదట చెప్పియుండినచో రెండు నిమిషములు పట్టెడిది. విద్యార్థి ఇల్లు చేరులోపల మరచిపోయెడివాడు.

వెంటనే ఒక చిక్కు నొసగవలెను. తెలుగున చేరు, తమిళమున చేర్. దీని పూర్వరూపమున కకారముండెనా? తొందరపడినవారు ‘ఉండెను’ అందురు. అప్పుడు కన్నడమున సేరు అను రూపమును చూపవలెను. కకారమే మూలమైనచో కన్నడము దానిని నిలుపుకొనవలసినది. సకారము కనబడుటచేత ఇచట మూలము చకారమే యని తేలును. రెండు భాషల సాక్ష్యముతో తృప్తిపడరాదను పాఠము ఈ ఒక్క పదముతో మనస్సున నాటుకొనును.

కడపటి 25 నిమిషములు అపవాదములకును, సందేహములకును, ముందు చదువవలసిన గ్రంథముల పరిచయమునకును. తెలుగున చెంగలువ యున్నది, కెంపును ఉన్నది; ఒకే ధాతువునుండి వచ్చినట్లు కనబడు ఈ రెండింట ఒకచోట చకారము, ఒకచోట కకారము ఏల? కెంపు కన్నడమునుండి తెచ్చుకొన్న ఎరవా? ఈ ప్రశ్నను తెరచియుంచి, భద్రిరాజు కృష్ణమూర్తిగారి 1961 నాటి తెలుగు ధాతువుల గ్రంథమును, బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తికోశమును చేతికిచ్చి చూపవలెను. కోశము మొదటి కూర్పు 1961లోను, రెండవ కూర్పు 1984లోను వెలువడినవి. కోశమును చూచు విధము తెలియక దానిని బీరువాలో దాచిన శాఖలకు ఈ చివరి పది నిమిషములే ఉపకారము చేయగలవు.

ఈ దృష్టాంతమువలన తేలునవి రెండు. చెప్పవలసినదానిలో సగమును విడిచిపెట్టనిదే శిక్షణగోష్ఠి కుదరదు. పై ప్రణాళికలో వర్ణవ్యత్యయము లేదు, విభక్తులు లేవు, క్రియారూపములు లేవు. అభ్యాసములు సులభమునుండి కఠినమునకు, కఠినమునుండి సందేహమునకు పోవలెను. సందేహముతో ఇంటికి పోయినవాడే పరిశోధకుడగును.

గది, పలక, పత్రములు

బోధనయందు శ్రద్ధ ఎంత యున్నను సామగ్రి లోపించినచో ఫలము చెడును. బల్లలు లేని సభాభవనము ప్రసంగమునకు తగును. వ్రాసికొని నేర్చువారికి తగదు. కుర్చీలను కదల్చుటకు వీలగు గది కావలెను. పలక పెద్దదిగా నుండవలెను. తెరమీద బొమ్మలు కదలిపోవును, పలకమీద వ్రాసినది నిలుచును. మైకు, విద్యుత్తు, తెర—వీనిని గోష్ఠి ముందురోజు సాయంకాలమే బోధకుడు స్వయముగా పరీక్షింపవలెను. ప్రతి గోష్ఠికిని ఒక విద్యార్థిని సహాయకునిగా నియమించినచో, హాజరు వేయుట, పత్రములు పంచుట మున్నగు పనులకు బోధకుని కాలము వ్యయము కాదు.

తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పదగిన విషయ మొకటి కలదు. యూనికోడు కాని పాత ఫాంటులలో సిద్ధపరచిన పాఠము, ఆ ఫాంటు లేని వేరొకరి కంప్యూటరులో అర్థములేని గుర్తులుగా కనబడును. తెలుగునకు యూనికోడులో 1991 నాటి తొలి కూర్పునుండియే స్థానము కలదు. బోధనపత్రములు యూనికోడులో నుండవలెనని నిర్వాహకులు ముందే నియమము చేసినచో గోష్ఠినాటి ఉదయము జరుగు గందరగోళము సగము తగ్గును. అవి దాచుకొనుటకును, వెదకుటకును పనికివచ్చును.

2020లో కోవిడు మహమ్మారి మూలమున పెక్కు సదస్సులు అంతర్జాలమునకు తరలినవి. ఆ యేడు జూలైలో అమెరికాలోని సియాటిల్ నగరమున జరుగవలసిన సంగణక భాషాశాస్త్ర సదస్సును అట్లే జరిగినది. దూరమున నున్న విద్యార్థికి ఇందువలన కలిగిన మేలు కాదనరానిది. కాని ఇద్దరిద్దరుగా కూర్చుండి చేయు అభ్యాసమును దూరమునుండి నడుపుట కష్టము. కావున ఉపన్యాసభాగమును ముందే చిత్రీకరించి పంపి, ఎదురెదుట గడుపు కాలమునంతయు అభ్యాసములకే వినియోగించుట యుక్తము.

ఫలపరీక్ష, సంస్కరణము

గోష్ఠి ముగియగానే ‘ఎట్లున్నది?’ అని అడిగినచో ‘చాల బాగున్నది’ అను సమాధానమే వచ్చును. అది మర్యాద, ఫలపరీక్ష కాదు. మన విద్యార్థులు ఆచార్యుని ఎదుట లోపము చెప్పరు. కావున పేరు వ్రాయనక్కరలేని చీటీమీద మూడు ప్రశ్నలు మాత్రము అడుగవలెను: ఇంతకుముందు చేయలేనిది ఇప్పుడు దేనిని చేయగలవు? ఎచ్చట దారి తప్పితివి? దేనిని తగ్గింపవచ్చును? వీనితోపాటు, మొదట ఇచ్చిన అభ్యాసమునకు సాటియైన మరియొక అభ్యాసమును చివర ఇచ్చి, ఎందరు చేయగలిగిరో చూచినచో పొగడ్తకంటె నమ్మదగిన సాక్ష్యము దొరకును. విరామము తరువాత తిరిగి రానివారి సంఖ్యయు గొప్ప విమర్శకుడే.

మూడు నెలల పిమ్మట మరియొక చిన్న ఉత్తరము వ్రాసి, నేర్చినదానిని తమ పరిశోధనలో వాడిరా యని అడుగుట ఇంకను మేలు. అప్పటికి మర్యాద చల్లారి నిజము మిగులును.

ఈ సమాధానములన్నియు ఎవరికి చేరవలెను? బోధకునికి మాత్రమే చేరినచో సదస్సు నేర్చుకొనదు. మన సదస్సులు ఒక్కొక్క యేడు ఒక్కొక్క ఊర, కొత్త నిర్వాహకుల చేతిమీదుగా జరుగును. పాతవారి అనుభవము వారితోడనే పోవుచున్నది. కావున ప్రతి యేడును నాలుగు పుటల నివేదిక వ్రాసి, ఏ గోష్ఠికి ఎందరు వచ్చిరి, ఏమి కుదిరినది, ఏమి కుదరలేదు, ఎంత వ్యయమైనది అను విషయములను తరువాతి నిర్వాహకులకు అప్పగించుట నియమము కావలెను. సంస్కరణ మనగా ప్రతిసారి కొత్తది తెచ్చుట కాదు. నిరుడు చేసిన తప్పును ఈ యేడు చేయకుండుట.

ఆక్షేపములు

ఒకరోజు అదనముగా ఉండుటకు విద్యార్థుల యొద్ద ధనము లేదని కొందరందురు. ఇది నిజమైన ఆక్షేపము. గోష్ఠికి వేరుగా రుసుము పెట్టినచో దానిని విద్యార్థులకు తగ్గింపవలెను. ఆ రాత్రికి వసతిని విశ్వవిద్యాలయ వసతిగృహములలో కల్పింపవచ్చును. పెద్ద ఆచార్యులు ప్రవేశపాఠములు చెప్పుట తమ స్థాయికి తక్కువయని తలతురని మరికొందరందురు. అట్టివారికి సమాధానము సులభము: ప్రవేశపాఠము చెప్పుటకే శాస్త్రమును అడుగంట ఎరుగవలెను. ఎరుగనివాడు పరిభాషలో దాగికొనగలడు. ప్రవేశపాఠమున దాగుకొనుటకు చోటు లేదు.

ఏ భాషలో బోధింపవలెనను ప్రశ్న మిగిలినది. అఖిలభారత సదస్సులలో ఆంగ్లము తప్పదు. కాని తెలుగుశాఖలు తాము నడుపు సదస్సులలో ఈ విద్యలను తెలుగున బోధించినచో, పరిభాష వాడుకలో పడి నునుపెక్కును. వాడని పారిభాషికపదము నిఘంటువున నుండియు లేనిదే.

పత్రముల సంఖ్యనుబట్టి సదస్సును కొలుచుట మనకు అలవాటైనది. నూరు పత్రములు చదివించిన సదస్సు ముగిసినపిమ్మట వానిలో ఎన్ని స్మృతిలో నిలుచునో అందరెరిగినదే. ముప్పదిమంది విద్యార్థులు ఒక పద్ధతిని చేతబట్టుకొని ఇళ్లకు పోయినచో, అందులో నలుగురైనను దానిని తమ శిష్యులకు అందింతురు. ఆ పద్ధతి ఎరిగిన ఆచార్యుడు లేని శాఖలో, పదేండ్లకు అట్టి ఆచార్యుడొకడు ఏర్పడును. శిక్షణగోష్ఠికి వెచ్చించిన ఆ అరపూట విలువను అప్పుడు లెక్కింపవలెను.